బడి వదిలేలోపు

మా అమ్మాయి ప్లేస్కూల్లో చేరిన మొదటి వారం నేను ఒక్క వాక్యం కూడా రాయలేదు. మూడేళ్ల రెండు నెలల పాటు ఎవరు అడిగినా "దీన్ని బళ్లో వేశాక మొదలుపెడతాను" అని చెబుతూ వచ్చాను. తీరా పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా మూడు గంటలు చేతికొచ్చాయి. సోమవారం దాని పాత పాలసీసాలు మరగబెట్టి అటక మీదికెక్కించాను. మంగళవారం ల్యాప్‌టాప్ బోర్లించి దులిపితే స్పేస్ బార్ కింద నుంచి మూడు మరమరాలు, ఎండిపోయిన దానిమ్మ గింజ ఒకటి రాలాయి. బుధవారం బడి నుంచి ఫోనొస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాను. రాలేదు. వెళ్లి తీసుకొస్తుంటే ఆయమ్మ చెప్పింది, "పాప అసలు మిమ్మల్ని అడగనే లేదు సార్" అని. గురువారం పక్కింటి పెద్దాయన "ఏం బాబూ, ఇవాళ కూడా సెలవేనా?" అన్నాడు. మూడేళ్లుగా ఇదే అడుగుతున్నాడు. శుక్రవారం అలమరలో చెయ్యిపెడితే బల్లార్డ్ దొరికాడు.

మా ఆవిడది బ్యాంకు ఉద్యోగం. నాది పత్రికలకు రాసే పని. పాప పుట్టాక ఎవరి జీతం తక్కువైతే వాళ్లు ఇంట్లో ఉండాలనుకున్నాం. లెక్క తేలడానికి నిమిషం పట్టలేదు. ఆ రోజుల్లో ఒక సంపాదకుడు, పేరెందుకులెండి, "ఇంట్లోనే ఉంటున్నారుగా, నవల మొదలెట్టెయ్యండి" అని సలహా ఇచ్చాడు. ఆయనకు ముగ్గురు పిల్లలు. ముగ్గుర్నీ వాళ్లావిడే పెంచింది. అందుకే, ముగ్గురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచుతూ, వాళ్లు బడికెళ్లిన వేళల్లో కూర్చుని ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు వచనంలో అతి విచిత్రమైన పుస్తకాలు రాసిన మనిషి దగ్గరకు వెళ్లాను. ఓదార్పు కోసం కాదు, పనితనం చూద్దామని.

జె.జి. బల్లార్డ్ పేరు మన పాఠకుల్లో చాలామందికి వెంటనే గుర్తు రాకపోవచ్చు. స్పీల్‌బర్గ్ 1987లో తీసిన 'ఎంపైర్ ఆఫ్ ది సన్' చూసినవాళ్లుంటారు. జపాను సైన్యం షాంఘైని ఆక్రమించినప్పుడు అమ్మానాన్నల నుంచి తప్పిపోయిన ఇంగ్లీషు కుర్రాడి కథ అది. ఆ కుర్రాడు చాలావరకు బల్లార్డే. 1930లో షాంఘైలో పుట్టాడు, యుద్ధకాలంలో లుంగ్హ్వా నిర్బంధ శిబిరంలో ఉన్నాడు, 1946లో ఇంగ్లండ్ చేరాడు. కేంబ్రిడ్జిలో రెండేళ్లు వైద్యం చదివి, శవాల్ని కోసి, మానేశాడు. 1956 నుంచి సైన్స్ ఫిక్షన్ పత్రికల్లో కథలు రావడం మొదలైంది. 1960లో లండన్ శివారున, థేమ్స్ ఒడ్డు ఊరు షెపర్టన్‌లో, గోడ కలిసిన జంట ఇళ్లలో ఒకదానికి సంసారం మార్చాడు. 2009లో పోయేదాకా అదే ఇల్లు. పేరొచ్చినా, డబ్బొచ్చినా, హాలీవుడ్ వచ్చినా మారలేదు.

1964 సెప్టెంబరులో కుటుంబమంతా స్పెయిన్ సముద్రతీరానికి సెలవులకు వెళ్లారు. అక్కడ భార్య మేరీ న్యుమోనియాతో హఠాత్తుగా చనిపోయింది. ఎనిమిదేళ్ల కొడుకు, ఇద్దరు కూతుళ్లు, చిన్నదానికి ఐదేళ్లు. పిల్లల్ని కారులో ఎక్కించుకుని తనే నడుపుకుంటూ ఇంటికొచ్చాడు. వాళ్లను ఏ బంధువుకీ అప్పగించలేదు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కొన్నాళ్లు కలం కదల్లేదు. తర్వాత కదిలినప్పుడు, అంతకుముందు రాసినట్టు మాత్రం రాయలేదు. నాకు ఆసక్తి అక్కడే.

కాన్సర్ ముదిరిందని తెలిశాక రాసుకున్న ఆత్మకథ 'మిరకిల్స్ ఆఫ్ లైఫ్' 2008లో వచ్చింది. పేరులోని ఆ అద్భుతాలు ఆయన ముగ్గురు పిల్లలే. అందులో ఒకచోట చాలా మామూలుగా ఒక సంగతి చెప్తాడు. బడి టై ఇస్త్రీ చెయ్యడానికీ, సాసేజీలూ ఉడకబెట్టిన బంగాళాదుంపల ముద్దా వడ్డించడానికీ, పిల్లలతో కూర్చుని 'బ్లూ పీటర్' అనే టీవీ కార్యక్రమం చూడటానికీ మధ్య దొరికిన వేళలో ఒక కథో, నవలలో ఒక అధ్యాయమో పూర్తయ్యేదట. దానివల్ల తన రాత బాగుపడిందనే తన నమ్మకమట. అంతకు డెబ్బై ఏళ్ల క్రితం, 1938లో, సిరిల్ కనోలీ అనే విమర్శకుడు మంచి కళకు హాల్లో నిలబెట్టిన పిల్లల బండిని మించిన శత్రువు లేదని తేల్చేశాడు. ఇంగ్లీషు రచయితలు ఆ మాటను అరిగిపోయేదాకా వాడారు. బల్లార్డ్ దాన్ని తిరగేసి, నాకు ఆ బండే పెద్ద అండ అన్నాడు.

వయసు మీరిన తండ్రి పిల్లల గురించి ముచ్చటగా చెప్పుకునే మాటలివి. వీటిని పట్టుకుని సాహిత్య విమర్శ చెయ్యకూడదు. కానీ రాత బాగుపడింది అన్నాడు కదా, ఎక్కడ బాగుపడిందో పేజీలో వెతికితే దొరకాలి. దొరుకుతుంది కూడా.

'ది అట్రాసిటీ ఎగ్జిబిషన్' 1970లో పుస్తకమైంది. అందులో 15 ముక్కలున్నాయి. తొలివి 1966లో పత్రికల్లో వచ్చాయి. అంటే భార్య పోయిన రెండేళ్లలోపు. అంతకుముందు ఆయన నవలలు పద్ధతిగా నడిచేవి. లోకం నీట మునుగుతుంది, లేదా ఎండిపోతుంది, హీరో దాని నడిబొడ్డుకు ప్రయాణం కడతాడు. ఈ పుస్తకంలో ఆ నడక లేదు. ప్రతి ముక్కా పేరాలుగా తెగి ఉంటుంది. ప్రతి పేరాకూ పైన లావు అక్షరాల్లో ఒక చిన్న శీర్షిక, కింద ఆరేడు వాక్యాలు. పేరా ముగిసిందంటే ముగిసినట్టే. తర్వాతి పేరా ఇంకో గదిలో, ఇంకో రోజున, ఒక్కోసారి ఇంకో గ్రహం మీద మొదలైనట్టుంటుంది. కారెన్ నవోట్నీ అనే అమ్మాయి ఒక ముక్కలో చనిపోతుంది, ఇంకో ముక్కలో ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంటుంది. కథానాయకుడి పేరు నిలకడగా ఉండదు. ట్రావిస్, టాల్బట్, ట్రావెన్, టాలిస్, ట్రేబర్ట్. మొదటి అక్షరం ఒక్కటే మిగులుతుంది. మనిషి వాడేనని మనకు తెలుస్తూనే ఉంటుంది.

ఈ పేర్ల మార్పును విమర్శకులు మనోవిచ్ఛిత్తి అంటారు, ఆధునిక మానవుడి అస్తిత్వం అంటారు. కావచ్చు. మా ఇంట్లో ఒక మామూలు మంగళవారం పూట నేను పొద్దున్నే నాన్న, పాలు తాగే వేళకు దూడ, తల దువ్వేటప్పుడు డాక్టరు, బూట్లు తొడిగేటప్పుడు ఆర్టీసీ కండక్టరు, మధ్యాహ్నానికి పులి. పేరు మార్చేది అది, మారేది నేను. ఒక పాత్ర నుంచి ఇంకో పాత్రకు వెళ్లడానికి వాక్యంలో వంతెన వెయ్యనక్కర్లేదని మూడేళ్ల పిల్లకు తెలుసు. కుర్చీ ఎక్కితే బస్సు, దిగితే అడివి. మధ్యలో వివరణ అడిగితే చిరాకు పడుతుంది. బల్లార్డ్ ముగ్గురు పిల్లల నడుమ అలాంటి సాయంత్రాలు ఎన్ని గడిపాడో! వంతెనలు తీసేసి రాసే ధైర్యం ఆయనకు సర్రియలిస్టుల నుంచి వచ్చిందని పుస్తకాలు చెప్తాయి. ఒప్పుకుంటాను. హాల్లోంచి కూడా కొంత వచ్చి ఉంటుంది.

ఇలాంటి అమరిక మనకు మరీ కొత్తేం కాదు. శతకం చూడండి. ఏ పద్యానికా పద్యం చెల్లుతుంది. ముందు పద్యం మర్చిపోయినా ఈ పద్యం నిలబడుతుంది. అన్నింటినీ కలిపి కట్టేది మకుటం ఒక్కటే. బల్లార్డ్ పేరాలకు మకుటం పేర్లలోని ఆ మొదటి అక్షరమూ, మళ్లీ మళ్లీ వచ్చే నాలుగైదు వస్తువులూ: మోటారు కారు, ఫ్రీవే, ఆస్పత్రి, సినిమా తార ముఖం, ఎడారిలో పాడుబడిన కాంక్రీటు. ఎక్కడ తెరిచినా అందులో ఒకటి తగులుతుంది, మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. తర్వాతి కూర్పుకు రాసిన ముందుమాటలో ఆయనే సలహా ఇచ్చాడు, మొదటి పేజీ నుంచి చదవొద్దని. పేజీలు తిప్పుతూ పొండి, ఏ పేరా కంటపడితే అది చదవండి, చుట్టుపక్కలవి వాటంతట అవే వస్తాయి అన్నాడు. ఈ సలహా ఇచ్చినవాడు తీరిగ్గా చదివే పాఠకుణ్ని ఊహించుకోలేదు. నేను ఈ పుస్తకాన్ని కుక్కర్ మొదటి విజిల్‌కీ మూడో విజిల్‌కీ మధ్య చదివాను, విజిల్‌కో పేరా. ఎక్కడా తెగినట్టు అనిపించలేదు. ముందే తెంపి ఉంచిన దారాన్ని ఎవరు తెంపగలరు?

ఈ అలవాటుకు ఇంకా పాత వేరు ఒకటుంది. 1950ల చివర్లో ఆయన ఒక రసాయనశాస్త్ర పత్రికలో సహాయ సంపాదకుడు. ఆ రోజుల్లో ఇలాంటి పత్రికల పేజీల నుంచి శీర్షికలూ అచ్చు ముక్కలూ కత్తిరించి, పెద్ద కాగితాల మీద అతికించి, కొత్త నవలకు నమూనా అని ఒకటి తయారు చేశాడు. అందులో శీర్షికలు చదవొచ్చు. కింద వచనం ఉన్నట్టుంటుంది గానీ చదవడానికి కాదు. అంటే రూపం ముందే ఆయన చేతిలో ఉంది. పదేళ్లకు దాని అవసరం పడింది.

ఇక వాక్యం. 1975 నాటి 'హై-రైజ్' మొదటి వాక్యం ఇంగ్లీషులో చాలామందికి కంఠతా వచ్చు. దాన్ని ఇక్కడ ఎత్తిరాయను. అందులో జరిగేది మాత్రం చెప్తాను. నలభై అంతస్తుల మేడ, వెయ్యి ఫ్లాట్లు, రెండు వేల మంది జనం. పాతికో అంతస్తులో ఉండే ఒక డాక్టరు తన బాల్కనీలో కూర్చుని కుక్కను తింటూ గత మూడు నెలల్లో ఈ భవనంలో జరిగిన విడ్డూరాలను నెమరు వేసుకుంటున్నాడు. వాక్యం మొదలవడమే 'తర్వాత' అన్న మాటతో మొదలవుతుంది. దేని తర్వాత? అది తెలియాలంటే పుస్తకమంతా చదవాలి. కుక్క ముందు కూడా మనకు ముందే పరిచయమైనట్టు చిన్న గుర్తు పెట్టాడు. మన భాషలో అయితే 'ఆ కుక్క' అంటాం. ఏ కుక్క అని అడిగే లోపు వాక్యం వెళ్లిపోతుంది.

నన్ను కట్టిపడేసింది క్రియల అమరిక. సమాపక క్రియ నెమరు వేసుకోవడానికి దక్కింది. కుక్కను తినడం పక్కన ఊరికే జరుగుతున్న పని. ఘోరాన్ని అసమాపక క్రియలో పెట్టి, ప్రశాంతతను వాక్యానికి యజమానిని చేశాడు. ఇంగ్లీషులో ఈ కిటుకు కొంచెం పట్టి చూస్తే గానీ కనబడదు. తెలుగులో మనకు '-తూ' ఉంది కాబట్టి వెంటనే తగులుతుంది. ఇంట్లో పిల్లల్ని చూసుకునే మనిషి బతుకంతా ఈ '-తూ'లోనే గడుస్తుంది. అన్నం కలుపుతూ ఫోనెత్తుతాం, బట్టలు ఆరేస్తూ లెక్కలేస్తాం, ముక్కు తుడుస్తూ గ్యాస్ సిలిండరు బుక్ చేస్తాం. ఏది అసలు పని, ఏది పక్క పని అని ఎవరైనా అడిగితే చెప్పలేం. బల్లార్డ్ ఈ వ్యాకరణాన్ని ఎత్తుకెళ్లి సర్వనాశనానికి వాడాడు. ఆయన మనుషులు నాగరికత కూలిపోతుంటే టేబుల్ సర్దుతారు. మెట్లమీద అడ్డంగా సామాను పేర్చి యుద్ధం చేసుకుంటూ, మధ్యలో భోజనం ఏర్పాట్లు చూసుకుంటారు. అందులో ఒక్కరు కూడా గొంతు పెంచరు. కేంబ్రిడ్జిలో శవం ముందు నేర్చిన చలనం లేని గొంతు అది అంటారు. అది నిజమే. రాత్రి రెండింటికి వాంతి చేసుకున్న పిల్లకు దుప్పటి మారుస్తున్నప్పుడు వచ్చే గొంతు కూడా అదే. అరిస్తే ఇంకొకటి లేస్తుంది.

బల్లార్డ్ పని వేళల గురించి రకరకాల మాటలున్నాయి. రోజుకు ఏడు వందల పదాలు అని ఒక ఇంటర్వ్యూలో, హ్యాంగోవర్ ఉన్నా సరే వెయ్యి పదాలు అని ఇంకోదాంట్లో చెప్పాడు. పొద్దెక్కాక రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు, తర్వాత మర్నాటి సంగతి ఆలోచిస్తూ నది ఒడ్డున నడక. ఇది 1984 నాటి మాట, అప్పటికి పిల్లలు పెద్దవాళ్లయ్యారు. అయినా ఆ నాలుగు గంటల కొలత ఎక్కడిదో ఊహించడం కష్టం కాదు. పిల్లలు వెళ్లిపోయినా బడి గంట ఇంట్లో మోగుతూనే ఉందన్నమాట.

వీటికంటే నాకు ఉపయోగపడింది ఆయన సారాంశాల పద్ధతి. నవల మొదలుపెట్టే ముందు కథంతా పొడుగ్గా రాసి పెట్టుకునేవాడు. 'హై-రైజ్' విషయంలో ఆ సారాంశమే సుమారు 25,000 పదాలయిందని, దాన్ని ఒక సంక్షేమ ఉద్యోగి ఆ భవనం గురించి రాసిన నివేదిక రూపంలో రాశానని చెప్పాడు. అది అచ్చయిన నవల కంటే బాగుండేదట, పారేసుకున్నందుకు బాధపడ్డాడు. రచయితలు దీన్ని విని ముందే అంతా తెలిస్తే రాయడంలో మజా ఏముంటుంది అంటారు. అలా అనేవాళ్లను గది తలుపు కొట్టి ఎవరూ లేపి ఉండరు. మధ్యలో లేచి వెళ్లాల్సినవాడికి తిరిగొచ్చి ఎక్కడ కూర్చోవాలో గుర్తు కావాలి. కొత్త రచయితలు స్ఫూర్తిని నమ్ముకుంటారు. వంటింట్లో ఉన్నవాడు ముందురోజు రాత్రే నానబెట్టిన పప్పును నమ్ముకుంటాడు.

సారాంశం అంత గట్టిగా ఉంది కాబట్టి రాతప్రతిలో చెయ్యి స్వేచ్ఛగా ఆడేది. 1973లో వచ్చిన 'క్రాష్' నవల టైపు ప్రతి ఆయన తదనంతరం, 2010లో, మిగతా కాగితాలతో పాటు బ్రిటిష్ లైబ్రరీకి చేరింది. దాని పేజీ ఫొటోలు నేను ఎంతసేపు చూశానో చెప్పడం కష్టం. కింద టైపు చేసిన వరసలు తిన్నగా నడుస్తుంటాయి. వాటి మీద పెన్నుతో కొట్టివేతలు, వరసల మధ్య ఇరికించిన వాక్యాలు, అంచుల్లోకి పాకి, అక్కడ చోటు చాలక పైకి ఎగబాకిన కొత్త పేరాలు. కొన్ని పేజీల్లో టైపు కంటే సిరా ఎక్కువ. కార్ల గుద్దుకోళ్లలో కామాన్ని వెతుక్కునే మనుషుల కథ అది. అచ్చులో చదివితే ఏ భావమూ లేకుండా గీసిన ఇంజినీరింగ్ డ్రాయింగులాగా చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం మొదటి ప్రతిలో లేదని పేజీ చెప్తోంది. విశేషణం కొట్టేశాడు, ఇంకోటి పెట్టాడు, దాన్నీ కొట్టేశాడు. ఒక ప్రచురణ సంస్థ తరఫున చదివినవారు ఈ రచయిత మానసిక వైద్యానికి కూడా అందడని, వేయొద్దని రాసిచ్చారు. ఆ సమయానికి ఆ రచయిత ఇంట్లో హోంవర్కులు దిద్దుతూ ఉండొచ్చు. నేను మాత్రం 'క్రాష్' పూర్తిగా చదవలేకపోయాను. మూడుసార్లు మొదలుపెట్టి సగంలో పక్కన పెట్టాను. పనితనం ఒప్పుకున్నంత మాత్రాన పులుసు దిగాలని లేదు.

మెచ్చుకుంటున్న చోట తప్పులు కూడా చెప్పుకోవాలి. సంభాషణ ఆయన చేతిలో లేదు. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడినట్టుండదు, ఒకే ఫైలులోంచి చెరో పేరా చదివినట్టుంటుంది. ఆడవాళ్ల పాత్రలు మరీ అన్యాయం. వాళ్లు కథలో సామానులా అటూ ఇటూ జరుగుతారు. పిల్లల్ని ఒంటరిగా పెంచినవాడి పుస్తకాల్లో పిల్లలు కనబడటమే అరుదు. ఇంకోటి, ఆ పనివేళల కథలో సీసా ఉంది. పిల్లల్ని బడి దగ్గర దింపి తొమ్మిదింటికి ఇంటికొచ్చి, గ్లాసులో మొదటి విస్కీ పోసుకుని, అప్పుడు రాయడం మొదలెట్టేవాణ్నని ఆయనే చెప్పాడు. దాన్ని మధ్యాహ్నానికి, అక్కణ్నుంచి సాయంత్రం ఆరింటికి జరపడానికి ఏళ్లు పట్టింది. సరదాగా చెప్పాడు గానీ నాకు సరదాగా వినబడలేదు.

అదీకాక ఇదంతా మగవాడు చేశాడు కాబట్టి మనం ఇన్ని పేజీలు రాస్తున్నాం. పొయ్యి దగ్గర కూర్చుని, చాకలి పద్దు వెనక రాసుకున్న ఆడవాళ్లను మన పత్రికలు ఎంతకాలం 'తీరిక వేళల్లో రచనలు చేసే గృహిణి' అని రెండు ముక్కల్లో తేల్చేశాయో ఎవరికి తెలియదు? పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలికీ అలికీ ఒకావిడ తన పేరే మర్చిపోతుంది. ఎవరైనా గుర్తు చేస్తారేమోనని వెతుక్కుంటూ పోతుంది. మూడేళ్లు ఇంట్లో ఉన్నాక ఆ కథ మళ్లీ చదివితే ఒకప్పుడు నవ్వొచ్చిన చోట ఈసారి నవ్వు రాలేదు. నా పేరు నాకు గుర్తుంది, కానీ ప్లేస్కూలు వాట్సాప్ గ్రూపులో నేను ఫలానా పాప వాళ్ల నాన్నను. గ్రూపు పేరేమో 'నర్సరీ మదర్స్'. మార్చమని ఒకసారి అడిగాను. నవ్వుతున్న బొమ్మ ఒకటి పెట్టారు.

బల్లార్డ్ సొంత బాల్యం మీద 'ఎంపైర్ ఆఫ్ ది సన్' రాసేసరికి 1984 వచ్చింది. చిన్న కూతురికి పాతికేళ్లు. మరచిపోవడానికి ఇరవై ఏళ్లు, గుర్తు తెచ్చుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టిందని ఆయన లెక్క. ఆ నలభై ఏళ్ల నడుమ ముగ్గురు పిల్లలు తాను శిబిరంలో ఉన్నప్పటి వయసుకు వచ్చారు, దాటారు. తన పిల్లలు ఆ వయసులో ఉండగా ఒక కుర్రాణ్ని ఒంటరిగా ఆకలికి వదిలి రాయడం ఏ తండ్రికైనా ఎంత కష్టమో, నేను మా అమ్మాయి చెప్పుల్లేకుండా మెట్లు దిగినా ఊపిరి బిగబట్టే మనిషిని, ఊహించగలను. అసలు జీవితంలో శిబిరంలో ఆయన పక్కన తల్లిదండ్రులున్నారు. నవలలో వాళ్లను తీసేశాడు. ఒక్క కోతతో జ్ఞాపకం కాస్తా నవలైంది. ఆత్మకథలో మళ్లీ వాళ్లను తెచ్చి పక్కన కూర్చోబెట్టాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవడం కంటే కథ కట్టడం గురించి మంచి పాఠం నాకు తెలిసి ఇంకోటి లేదు.

చివరికి ఒక పొరపాటు గురించి. నాకు ఆయన పుస్తకాల్లో అన్నింటికంటే ఇష్టమైంది 1974 నాటి 'కాంక్రీట్ ఐలండ్'. చిన్న నవల, పొట్టి పొట్టి అధ్యాయాలు, ఒక్కోటి ఒక్క పూటలో రాయగలిగినంత, ఒక్క కునుకులో చదవగలిగినంత. కునుకు అంటే పిల్ల కునుకు. రాబర్ట్ మెయిట్‌లాండ్ అనే ముప్పై అయిదేళ్ల ఆర్కిటెక్టు లండన్‌లో వెస్ట్‌వే ఫ్లైఓవర్ మీద జాగ్వార్ కారు వేగంగా నడుపుతుంటే ముందు టైరు పేలి, కారు గట్టు దాటి కిందికి దొర్లుతుంది. మూడు పెద్ద రోడ్ల మధ్య గడ్డి మొలిచిన ముక్కోణపు నేల. చుట్టూ వేలాది కార్లు పోతుంటాయి. ఒక్కడూ ఆగడు. నగరం నడిమధ్య ఒక మనిషి దీవి మీద చిక్కుకుపోతాడు. ఇంట్లో పసిపిల్లతో మధ్యాహ్నం రెండింటికి బాల్కనీలో నిలబడి కింద రోడ్డు మీద ఆఫీసు క్యాబులు పోతుంటే చూసిన ఎవరికైనా ఆ దీవి మ్యాపు అక్కర్లేదు.

ఆ మొదటి వాక్యంలో బల్లార్డ్ పోలీసు రిపోర్టు రాసినట్టు అన్నీ ఇస్తాడు. మనిషి వయసు, వృత్తి, రోడ్డు, వేళ. మధ్యాహ్నం మూడు దాటిన కాసేపటికి. తేదీ కూడా ఇచ్చాడు: 1973 ఏప్రిల్ 22. కథలో అది మామూలు పనిరోజు. సాయంత్రానికి ఆఫీసులు వదిలిన రద్దీ మొదలై, రోడ్డు దాటి బయటపడదామనుకున్న మెయిట్‌లాండ్‌కు దారి మూసుకుపోతుంది. ఆ రద్దీ లేకపోతే కథే లేదు. ఉండబట్టలేక పాత క్యాలెండరు తీసి చూశాను. 1973 ఏప్రిల్ 22 ఆదివారం. అందులోనూ ఈస్టర్ ఆదివారం. లండన్ ఆఫీసులకు తాళాలు పడి ఉండే రోజు.

అంత పట్టి పట్టి దిద్దే మనిషి దీన్ని ఎలా వదిలాడు? కావాలని పెట్టాడనీ, ఈస్టర్ అంటే పునరుత్థానం కాబట్టి అందులో సంకేతం ఉందనీ కొందరు చెప్పొచ్చు. నాకు అంత దూరం పోవాలని లేదు. అప్పటికి ఆయన తొమ్మిదేళ్లుగా బడి ఉన్న రోజుల్లోనే రాస్తున్నాడు. శని, ఆదివారాలు, క్రిస్మస్, ఈస్టర్ సెలవులు, వేసవి ఆరు వారాలు బల్ల మీది కాగితాల మీద తువ్వాలు కప్పి ఉండాలి. ఆయన కాగితం మీద కలం పెట్టిన ప్రతిరోజూ పనిరోజే. క్యాలెండరు చూడాలన్న ఆలోచన ఎందుకొస్తుంది?